భానుప్రసాద్ సారు ట్రైనింగ్

బాన్సువాడ యువజన సంస్థల మేం తొమ్మిదిమందిమి ఊర్లు తిరిగి పనిజేసేటోళ్లం. పని నచ్చిందా, ఏం ట్రైనింగ్ గావాలె అని ఏటా హైదరాబాదు నుంచి సర్వే ఫారాలొస్తయి. మా ఆఫీసర్ భానుప్రసాద్ సారు మాతోని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చుకొని, "అందరం ఖుషీ" అని తనే రాసి పంపేటోడు.

2004ల ఆయనకు బద్దకమైంది. "మీరే నింపుకోండ్రి, ప్రవళికా" అన్నడు నాతోని. అందరం ఒక్కటే రాసినం: "ట్రైనింగ్ మాకు గాదు, సారుకు గావాలె. మూడు నెలలు మా ఎంబడి ఊర్లు తిప్పుండ్రి." చదవకుండనే ముద్రేసి పంపిండు.

నెల దినాలకు ఆర్డరొచ్చింది. సారుకు నేర్పేదాన్ని నేనే.

"పొద్దుగాల ఆరింటి బిచ్కుంద బస్సుకు రావాలె సారూ. ఒక్క నిమిషం లేటైనా ఆబ్సెంటే."

మా అవ్వను దవాఖానల చేర్పిచ్చి నేను ఉరుక్కుంట వచ్చిన నాడు, సారు నాతోని గీ మాటే అన్నడు.