బాకీ తీరిన కారు

అప్పు తీరిన రోజు సాయంత్రం అవాతిఫ్ కోడిపుంజును కోయించింది. మన్సూరా పట్నంలో ఎవరైనా కొత్త కారు ఇంటికొచ్చిన రోజే ఆ పని చేస్తారు. ఆమె మాత్రం రెండేళ్ళు ఆగింది. ఇన్నాళ్ళూ అది ఫైనాన్సు కంపెనీవాళ్ళ కారనీ, తను వాళ్ళకు జీతంలేని డ్రైవరుననీ ఆమె లెక్క. ఆ రోజు నెత్తుట్లో అరచెయ్యి ముంచి, దిష్టి తగలకుండా తెల్లటి బానెట్ మీద ఐదు వేళ్ళూ పడేలా ముద్ర వేసింది. మూడో అంతస్తు బాల్కనీలోంచి పొరుగావిడ నబవియ్యా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు పెట్టే సంబరాల కూత పెట్టింది. వీధంతా తలెత్తి చూసింది.

"ఏమే, ఇక నిన్ను పట్టలేం. రేపట్నుంచి మమ్మల్ని గుర్తుపడతావా?"

"గుర్తుపడతాలే పిన్నీ. కానీ కారెక్కాలంటే డబ్బులివ్వాలి."

అవాతిఫ్ చేసే పని ఆడపిల్లలను బడికి దింపి, మళ్ళీ ఇళ్ళకు చేర్చడం. విడాకులిచ్చిన మొగుడు ఇల్లు కూడా తీసేసుకున్నాక ఆమె నేర్చుకున్న బతుకుతెరువు అది. మగ డ్రైవర్ల కార్లలో పిల్లలను పంపడం ఇష్టంలేని తల్లులు వెతుక్కుంటూ వచ్చేవారు. పని బాగుంది, కారు లేదు. అప్పు కోసం వెళితే కంపెనీవాళ్ళు జీతం కాగితం అడిగారు. అది ఆమె దగ్గర ఎక్కడిది? అన్నయ్య హిల్మీ దగ్గరుంది. ఆయన నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. "నా పేరు మీద తీసుకో, కట్టేది నువ్వే కదా" అన్నాడు. అప్పూ, కారూ రెండూ ఆయన పేరు మీదికి వెళ్ళాయి.

ఊళ్ళో ఇది కొత్త కాదు. సగం మంది డ్రైవర్లు ఏ బావగారి పేరు మీదో ఉన్న కారే నడుపుతారు. కాకపోతే పేరిచ్చినవాడిని మర్నాడే రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి, కారు మీద హక్కంతా నడిపేవాళ్ళదేనని రాయించుకుంటారు. నబవియ్యా ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో.

"ఒక్క పూట పనే. మీ అన్నయ్యని లాక్కెళ్ళి రాయించుకో."

"అన్నయ్యని కాగితం అడగమంటావా? ఆ తర్వాత శుక్రవారం భోజనానికి వాళ్ళింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఆకలేస్తే ఏ మొహంతోనైనా తింటారు."

అవాతిఫ్ నవ్వేసింది. తండ్రి పోయాక తనను ఎత్తుకుని తిరిగినవాడు హిల్మీ. ఆయన దగ్గర సంతకం పెట్టించుకోవడమంటే ఆయన్ని దొంగ అన్నట్టే అనిపించింది. ఆ రెండేళ్ళూ నోరు కట్టుకుని వాయిదాలు కట్టింది. వడ్డీ ఘోరంగా ఉండేది. ఎంత పోసినా వడ్డీకే సరిపోయేది, అసలు మాత్రం ఉన్నచోటే ఉండేది. ఇంకా మూడేళ్ళు ఇలాగేనా అనుకుంటున్నప్పుడు దారి చూపించింది కూడా అన్నయ్యే.

"ఎందుకే వాళ్ళని మేపడం? అంతా ఒక్కసారే కట్టిపారేయ్. జరిమానా వేసినా సరే, మూడేళ్ళ వడ్డీ మిగుల్తుంది" అన్నాడు. ఆ ఒక్కసారే కాదు, ఆ చలికాలమంతా ప్రతి శుక్రవారమూ అన్నాడు. తన మీద ఎంత ప్రేమో అనుకుంది పిచ్చిది.

చేతి గాజులు అమ్మింది. అవి చాలలేదు. వాడలోని ఆడవాళ్ళందరూ కలిసి వేసే చీటీలో ఆమె వంతు బాగా చివర. మొదటి వంతు నబవియ్యాది, పళ్ళసెట్టు కోసం. అడగడానికి అవాతిఫ్‌కు నోరు రాలేదు. నబవియ్యాయే మెట్లు దిగి వచ్చి డబ్బు మూట ఒళ్ళో పడేసింది. "ఇన్నాళ్ళు చప్పరించి బతికినదాన్ని, ఇంకొన్నాళ్ళు చప్పరిస్తే చావను. ముందు ఆ పీడ వదిలించుకో" అంది.

బాకీ కట్టేసిన రోజు హిల్మీ వెంట వచ్చాడు. కారు అమ్మకం మీద ఉన్న నిషేధాన్ని ఎత్తేస్తూ కంపెనీ ఇచ్చే పత్రం పేరున్నవాళ్ళ చేతికే ఇస్తారు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ట్రాఫిక్ ఆఫీసులో కారు కాగితాల పని తనే చూసుకుంటానన్నాడు. ఆ శ్రమ కూడా అన్నయ్యదేనా అని ఆమె నొచ్చుకుంది.

సెలవుల తర్వాత బడి తెరిచిన ఉదయం అవాతిఫ్ కిందికి దిగేసరికి కారు లేదు. పిల్లలు నలుగురూ సంచులతో నిలబడి ఉన్నారు. వాళ్ళను ఆటో ఎక్కించి, తాళం చేతిలో పట్టుకునే అన్నయ్య ఇంటికి పరుగెత్తింది. రెండో తాళం ఎవరి దగ్గరుందో గుర్తొచ్చినా, ఆ ఆలోచనను గడప దాటనివ్వలేదు.

హిల్మీ రొట్టె, ఉడికించిన చిక్కుళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, కారు పోయింది. లే, పోలీసుల దగ్గరికెళ్దాం."

"కూర్చో. టీ తాగు."

"టీ ఏంటన్నయ్యా? కారు దొంగలెత్తుకుపోయారంటుంటే."

"దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. కూర్చోమన్నానా."

వదిన సుహైర్ గబగబా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. తోమడానికి అక్కడ గిన్నెలేమీ లేవు. ఆ నీళ్ళ చప్పుడు వింటుంటే అవాతిఫ్‌కు అంతా తెలిసిపోయింది. అయినా అన్నయ్య నోటితో వినాలని నిలబడింది.

"అమ్మేశాను" అన్నాడు హిల్మీ రొట్టె తుంచుతూ. "తామిర్‌కి ఫ్లాటు చూపించకపోతే పిల్లనివ్వమన్నారు. ఒక్కగానొక్క కొడుకు. నువ్వైతే ఏం చేసేదానివి?"

"నా కొడుక్కి ఫ్లాటు కావాలంటే నీ కారు అమ్మేదాన్ని కాదు."

"కారు నా పేరు మీదుంది అవాతిఫ్. నేనేం దొంగతనం చెయ్యలేదు."

"నీదే అనుకుంటే ఇన్నాళ్ళు ఎందుకాగావు? మొదట్లోనే అమ్ముకోవాల్సింది."

"అప్పుండగా అమ్మనివ్వరుగా" అని, ఆ మాట బయటికి వచ్చాక గుటక మింగాడు.

అవాతిఫ్ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. చలికాలమంతా తినిపించిన ప్రతి శుక్రవారపు భోజనమూ, "కట్టిపారేయ్" అన్న ప్రతి మాటా ఇందుకే. గాజులు అమ్మినప్పుడు మంచి ధర వచ్చిందా అని ఆయన అడిగింది కూడా ఇందుకే. ఇంతటి మోసాన్ని ఇంత తీరిగ్గా, అన్నం పెడుతూ చెయ్యగల మనిషిని ఆమె ఎరగదు. ఆ మనిషి పరాయివాడైతే ఏడ్చేది.

"నీ డబ్బెక్కడికీ పోదు. నెలనెలా కొంచెం కొంచెం ఇచ్చేస్తాలే" అన్నాడు హిల్మీ.

"రాసివ్వు."

"ఏంటి?"

"నెలకెంతిస్తావో, ఎప్పటికి తీరుస్తావో రాసి సంతకం పెట్టు."

హిల్మీ మొహం ఎర్రబడింది. చేతిలోని రొట్టెముక్క పళ్ళెంలో పడేశాడు. "తోడబుట్టినవాణ్ణి కాగితం అడుగుతావా? నాన్న వినలేదు కాబట్టి సరిపోయింది." ఆయనకు నిజంగానే బాధ కలిగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారు పోయినదానికన్నా ఆ కన్నీళ్ళు చూసినప్పుడే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చేసింది.

అక్కడి నుంచి నేరుగా ఫైనాన్సు కంపెనీకి వెళ్ళింది. బాకీ తీరినప్పుడు మిఠాయి తీసుకుని మబ్రూక్ అంటూ అభినందించిన గుమాస్తా కుర్రాడే బల్ల దగ్గర ఉన్నాడు. అంతా విని తల గోక్కున్నాడు.

"మేం చేసేదేం లేదు మేడమ్. ఒక్క వాయిదా మిగిల్చినా ఆ కారుని ఎవరూ అమ్మలేకపోయేవారు."

రెండేళ్ళు తను తిట్టిపోసిన కంపెనీయే అన్నాళ్ళూ తన కారుకు కాపలా కాసిందన్నమాట. అవాతిఫ్ బల్ల మీదికి వంగింది.

"అయితే నా బాకీ మళ్ళీ రాసుకోండి బాబూ. కట్టిన డబ్బు నాకొద్దు. బాకీ ఉందని మాత్రం రాయండి. వడ్డీ మీరెంతంటే అంత కడతాను."

"అలా కుదరదమ్మా. అది మూసేసిన ఖాతా." కుర్రాడికి జాలేసింది. ఏదో ఒక దారి చూపించాలని కంప్యూటరు వంక చూశాడు. "పోనీ ఇంకో కారు తీసుకోండి. మీ అన్నయ్యగారి పేరుకి మా దగ్గర చాలా విలువుంది. ఒక్క వాయిదా కూడా ఆలస్యం చెయ్యలేదు, పైగా గడువుకన్నా ముందే అంతా కట్టేశారు. ఆయనొచ్చి సంతకం పెడితే చాలు, వారంలో ఇచ్చేస్తాం."

"కట్టింది నేను."

"కావచ్చు మేడమ్. పేరు ఆయనదే కదా."

చీటీలో అవాతిఫ్ కట్టాల్సిన వాయిదాలు ఇంకా చాలా ఉన్నాయి. నబవియ్యాకు ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"అయితే ఆ మంచి పేరు పక్కన ఇంకో మాట రాయి బాబూ" అంది చివరికి. "ఆయనకి చెల్లెలు లేదని రాయి."

కుర్రాడు కీబోర్డు మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నాడు. బడి వదిలే వేళ కావస్తోంది. పిల్లలను తీసుకురావడానికి అవాతిఫ్ నడిచి బయలుదేరింది.