ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చిన రెండోరోజు

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి చూసినప్పుడు కూడా పిల్లి ట్రేలోని కాగితం ముక్కలు పొడిగానే ఉన్నాయి.

పిల్లికి శుక్రవారం ఆపరేషన్ జరిగింది. సంతానం కలగకుండా చేసే చిన్న ఆపరేషనే. మగపిల్లి కాబట్టి కుట్లు కూడా లేవు. శనివారం పదకొండింటికి ఇంటికి తెచ్చాను. డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో ఏడు సూచనలున్నాయి. ట్రేలో ఇసుక పోస్తే గాయానికి అంటుకుంటుంది, వారం రోజులు చించిన కాగితాలే వేయండి అన్నది మూడోది. ఇరవై నాలుగు గంటల్లో మూత్రం పోయకపోతే ఆలస్యం చేయవద్దు, మగపిల్లులకు ప్రాణం మీదికి వస్తుంది అన్నది ఆరోది. దాని కింద నేనే ఎర్ర సిరాతో గీత గీశాను. బడిపిల్లల పాత పరీక్ష కాగితాలు చించి ట్రేలో వేశాను.

పిల్లి పేరు ఇన్‌స్పెక్టర్. నా భార్య పెట్టిన పేరు. అది వంటింటి కిటికీలో కూర్చుని గిన్నెలన్నీ ఒక్కొక్కటే పరికించి, ఏదీ నచ్చనట్టు మొహం పెట్టి, చివరికి పెట్టిందంతా తిని పోయేది. ఆమె పోయాక ఆ కిటికీ తెరిచినవాళ్ళు లేరు. మూడు నెలల తర్వాత పక్కవీధి టైలరమ్మకి అది చెవి చినిగి, కాలువ గొట్టంలో దొరికింది. వైద్యం చేయించి, "మాస్టారూ, ఇది మీ ఇంటిదే కదా?" అని అడిగింది. అవునన్నాను. అప్పటిదాకా అది ఎవరిదీ కాదు.

ఇప్పుడు చిన్నగదిలో మంచం కింద, గోడ మూలకి నక్కి ఉంది. రాత్రి రెండు ముద్దలు తిన్నది, నీళ్ళు తాగింది. ఒకసారి ట్రే అంచుదాకా వచ్చి, మూతి వెనక్కి లాక్కుని, మళ్ళీ మూలకే పోయింది.

"గంటకోసారి పోయి తొంగి చూస్తుంటే దానికెలా వస్తుందిరా?" అంది అక్క కూరగాయలు తరుగుతూ. "నీకొస్తుందా?"

అక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. నా భార్య పోయినప్పుడు వచ్చి, నన్ను ఒంటరిగా వదల్లేక ఉండిపోయింది.

"పెరటి తలుపు తీయి. వీధిలో తిరిగిన జీవి అది. దానికి మట్టి కావాలిగానీ నీ పరీక్ష కాగితాలు దేనికి?"

"బయటికి పోతే మళ్ళీ దొరకదక్కా. గాయం పచ్చిగా ఉంది."

"లోపలుంటే దక్కుతుందా మరి?"



పదిన్నరకి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆదివారం ఆసుపత్రి పన్నెండింటికి మూసేస్తారు.

"పొట్ట తడిమి చూశారా? గట్టిగా ఉందా?"

"తాకనివ్వడం లేదమ్మా. చెయ్యి పెడితే కొడుతోంది."

"ముక్కుతోందా, అరుస్తోందా?"

"లేదు. కదలకుండా కూర్చుంది."

"ట్రే దేంతో కడిగారు?"

"ఫినాయిల్‌తో. నిన్నటినుంచి మూడుసార్లు. గది కూడా తుడిచాను."



"అయ్యో మాస్టారూ, ఫినాయిల్ పిల్లులకి విషమండీ. పాదాలకంటితే నాకేస్తుంది. నోట్లోంచి చొంగ కారుతోందా? నడక తూలుతోందా? ముందు అది చూడండి. నేను లైన్లోనే ఉంటాను."

నా భార్య జబ్బుతో మంచాన ఉన్న ఎనిమిది నెలలూ ఈ గదినే రోజుకి మూడుసార్లు ఫినాయిల్‌తో తుడిచాను. ఆమెకి ఏ క్రిమీ సోకకూడదని నర్సు చెప్పింది. ఆ అలవాటు చేతికి ఉండిపోయింది.

నేలమీద బోర్లా పడుకుని టార్చి వేశాను. మంచం కింద చివరిదాకా నా తుడుపుకర్ర చేరలేదని దుమ్ము చూస్తే తెలిసింది. పిల్లి నోరు తెరిచి బుస్సుమంది. చొంగ లేదు. గడ్డం పొడిగా ఉంది. చెంచాతో ముద్ద తీసి జానెడు దూరంలో పెట్టాను. చాలాసేపటికి లేచింది. రెండడుగులు తిన్నగా వేసి, తుడిచిన నేల దగ్గర ఆగి, వాసన చూసి వెనక్కి పోయింది. తూలలేదు.

అదే ఫోన్‌లో చెప్పాను.

"విషం ఎక్కినట్టు లేదు. ఆ వాసనకే ట్రేలోకి దిగడం లేదేమో. గది మామూలు నీళ్ళతో బాగా తుడవండి. పళ్ళెం మార్చండి. పదకొండున్నరదాకా చూద్దాం. అప్పటికీ పోయకపోతే తువ్వాలు కప్పి, బుట్టలో పెట్టి తెచ్చేయండి. గొట్టం వేసి తీస్తాను. ఇంకో మాట. తలుపేసి మీరు బయటికి వచ్చేయండి."

"నేను మూలన కూర్చుంటానమ్మా. కదలను."

"వద్దండీ. మీరు చూస్తుంటే అది పోయదు."

నేను గది తుడిచేలోపు అక్క పూలకుండీ కింద పెట్టే వెడల్పాటి పళ్ళెం వట్టి నీళ్ళతో కడిగి తెచ్చింది. "ఈ పళ్ళెం ఇన్నేళ్ళూ మట్టిలోనే ఉంది. కాస్త మట్టి వాసనైనా తగులుతుంది" అంటూ కాగితాలు పరిచింది.

పదకొండయింది. గుమ్మం దాకా వచ్చి ఆగాను.

నాలుగు నెలల కిందట ఇదే గుమ్మంలో నిలబడ్డాను. "మీరిక్కడ కూర్చుని నా మొహం చూస్తుంటే తగ్గుతుందా? బడికి వెళ్ళండి" అన్నది నా భార్య. వెళ్ళాను. రెండో పీరియడ్‌లో ప్యూను వచ్చి తరగతి బయట నిలబడ్డాడు.

"రారా" అని అక్క నా చెయ్యి పట్టుకుని లాగి, తలుపు తనే వేసింది.

బుట్ట, తువ్వాలు పక్కన పెట్టుకుని తలుపు ముందు నేలమీద కూర్చున్నాను. అక్క కత్తిపీట తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. పదకొండూ పదికి లోపల గోళ్ళ చప్పుడైంది. ఆగిపోయింది. ఆ తర్వాత పది నిమిషాలు ఏమీ లేదు. నా చెయ్యి గొళ్ళెం మీదికి పోయింది.

"కూర్చో."

"లోపల ఏమైనా అయిపోతే?"

"కూర్చోరా" అంది అక్క. ఈసారి మెల్లగా అంది.

పదకొండున్నరకి మూడు నిమిషాలుందనగా కాగితాలు గలగలమన్నాయి. ఒకసారి గీరిన చప్పుడు. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆగకుండా గీరుడు.

నేను లేవలేదు. గీరుడు ఆగి, గోళ్ళ చప్పుడు మంచం వైపు పోయేదాకా ఉండి, తలుపు జానెడు తీశాను. పళ్ళెంలో కాగితాలు ఒక మూలకి పోగుపడి, తడిసి ముద్దయ్యాయి. ఎవరో రాసిన జవాబు నీలంగా కారుతోంది. మళ్ళీ తలుపేసి ఫోన్ చేశాను.

"పోసిందమ్మా."

"ఎర్రగా ఉందా?"

"లేదు."

"బాగా పోసిందా?"

"బాగా పోసింది."

"ఇంకేం, గండం గడిచింది. ఇక బుట్టా గిట్టా వద్దు. సాయంత్రం మెత్తటి ముద్ద పెట్టండి. ఫినాయిల్ సీసా ఇంట్లోంచి తీసేయండి. మాస్టారూ, వింటున్నారా?"

డాక్టరమ్మ ఇంకోసారి కూడా అడిగింది. నేను మొహం తువ్వాల్లో దాచుకున్నాను. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వింటున్నాడమ్మా" అంది. "కాసేపాగు."