గవ్వలపాలెం ఫైలు

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కున్నాక రెబ్కా మూడో అంతస్తుకి వెళ్ళేది. ఢిల్లీలోని ఆ ప్రభుత్వ కార్యాలయంలో, కింది డిస్పెన్సరీలో ఆమె నర్సు. పైన ఇంద్రజ మేడమ్ గదిలో, బీరువాలో ఒక పాత ఫైలు ఉంది. సముద్రం ఒడ్డున అణు విద్యుత్ కేంద్రానికి భూమి తీసుకున్నప్పటిది. అందులోంచి రోజూ ఉప్పునీళ్ళు కారేవి, పౌర్ణమికి ఇంకాస్త ఎక్కువ. అటెండరు బీరువా కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, నిండినప్పుడల్లా పారబోసేవాడు. రెబ్కా కుర్చీ లాక్కుని, చెప్పులు విడిచి, ఆ టబ్బులో కాళ్ళు పెట్టుకుని ఓ పావుగంట కూర్చునేది.

గవ్వలపాలెం ఖాళీ చేసేనాటికి ఆమెకి పదకొండేళ్ళు. లారీల్లో సామాన్లతో పాటే పిల్లల్నీ ఎక్కించారు. అంతకు రెండేళ్ళ ముందు పోయిన తల్లి మాత్రం చర్చి వెనక ఇసకలోనే ఉండిపోయింది. ఇప్పుడది విద్యుత్ కేంద్రం కంచె లోపల. సమాధి చూసుకోనివ్వమని రెబ్కా మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. రికార్డుల్లో అక్కడ శ్మశానమే లేదని మూడుసార్లూ ఒకటే జవాబు.

ఆ ఏడు కేంద్రానికి నలభై ఏళ్ళు నిండుతున్నాయని చరిత్ర పుస్తకం వేస్తున్నారు. రాసే పని ఇంద్రజది.

"సిస్టర్, మీది ఆ వైపేగా, వినండి" అంటూ మొదటి పేజీ చదివింది. "అప్పట్లో అక్కడ జనావాసం లేదు..."

రెబ్కా టబ్బులోంచి కాళ్ళు తీసేసింది. "మేడమ్, మా ఇల్లు అక్కడే. మా అమ్మ గుమ్మం ముందే చేపలు ఎండేసేది."

ఇంద్రజ ఇబ్బంది పడింది. "పాత రిపోర్టులో ఉన్నదే రాశాను సిస్టర్." ఆ కాగితం ఫైల్లో పెట్టి మూసింది.

మర్నాటికి పేజీలో ఆ ఒక్క వాక్యం కొట్టుకుపోయింది. మిగతాదంతా పొడిగానే ఉంది. మళ్ళీ ప్రింటు తీసి పెడితే మళ్ళీ పోయింది. మూడోసారి పై అధికారి రంగనాథ్ గారే వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఠీక్ హై. నిలవట్లేదంటే ఆ మాటలోనే ఏదో తప్పుంది. ఫైలు అడుగుదాకా చూడండి."

అడుగున, ఏళ్ళ తరబడి అతుక్కుపోయిన రెండు కాగితాలు నాని విడిపోయి ఉన్నాయి. మధ్యలో సర్వే పటం. అరవై మూడు ఇళ్ళు, చర్చి, దాని వెనక నీలం పెన్సిలుతో చిన్న చిన్న సిలువలు. రెబ్కా ఒక్కోదాన్నీ వేలితో తడుముతూ అయిదోదాని దగ్గర ఆగింది.

"ఇదే" అంది.

పటం నకలు జతచేసి రంగనాథ్ గారు తనే నోట్ రాశారు. రెండు నెలలకి అనుమతి వచ్చింది. పాలెం వాళ్ళు ఎవరైనా సరే, ఏడాదికోసారి లోపలికి వెళ్ళొచ్చు.

ఆ సాయంత్రం ఘాజియాబాద్‌లో, ఇంట్లో, కూతురు జెనీఫర్ ఫోన్లో రైలు టిక్కెట్టు తీస్తోంది.

"మమ్మీ, వాపసీ కబ్ కీ?"

రెబ్కాకి దొరికిన సెలవు నాలుగు రోజులు. ఆ సంగతి చెప్పబోయి ఆగిపోయింది.

"ముందు వెళ్ళేది తియ్యమ్మా. వచ్చేది ఎప్పుడో, అక్కడ మా అమ్మని అడిగి చెప్తాను."