పొగ తాగే అలవాటు

"ఎడంగా పండుకో మే, బజ్జీల అంగట్లో పండుకున్నట్టుంది" అని మొగుడు సురేంద్ర అన్నప్పటి నుంచి మల్లిక గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకుంది. తలకు కుంకుడుకాయ ఎంత రుద్దినా ఆ నూనె వాసన పోయేది కాదు. పోవడానికి అదేమన్నా పైపైన అంటిందా? జమ్మలమడుగులో కారాల అంగడి వెనక, కిటికీ లేని రేకుల గదిలో, పెళ్లయిన ఏటి నుంచీ బాణలి ముందే ఉంది ఆమె. మరిగి మరిగి నల్లబడిన నూనెలోనే కొత్త నూనె కలిపి కారాలు, బూందీ దించేది. అక్కడ వేగేది బూందీ ఒక్కటే అనుకున్నారు అందరూ, ఆమెతో సహా.

దగ్గులో నెత్తురు పడ్డాక మొగుడు ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. డాక్టరు స్కానింగు ఫిలిం వెలుగుకు పట్టి చూసి, "పొగ తాగే అలవాటుందా?" అన్నాడు.

ఆ సంగతి ఒకరు అడగడం అదే మొదలు. ఈయనకెలా తెలిసిందా అని మల్లిక కాస్త ఆశ్చర్యపోయింది.

"ఉంది సార్. పెండ్లయినప్పటి నుంచీ తాగుతాండా. పొద్దన మొదలుపెడితే మాపటిదాకా."

"ఆడమనిషివి, సిగ్గులేదూ? ఊపిరితిత్తికి కేన్సరు తెచ్చుకున్నావు. ముందు పొగ మానేయ్. మానకపోతే నేను రాసే మందులన్నీ దండగ."

ఆయన అడిగింది బీడీల గురించని ఆమెకు అప్పుడు అర్థమైంది. తనది బాణలి పొగని చెబుదామని నోరు తెరిచింది.

"సార్ చెప్తాండాడు గదా, విను" అన్నాడు వెనక నుంచి సురేంద్ర, బీడీ కంపుతో.

మూసుకుంది. కేన్సరంటే ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. భయమూ రాలేదు. ఈ మధ్య చేతి మీద నూనె చిందినా మంట తెలియడం లేదు, ఇదీ అంతే.

బస్టాండులో సురేంద్ర గొంతు తగ్గించాడు. "నా కట్టలో బీడీలు తగ్గుతాంటే మా అంగట్లో తిరుపాల్ గాడు లేపుకపోతాండాడనుకున్యా. నువ్వా?"

ఆమె రోజంతా ఏ పొయ్యి ముందు కూర్చుంటుందో డాక్టరుకు ఒక్క మాట చెప్పగలిగినవాడు అతనే. అతను కావాలని దాచిందీ లేదు, అతనికి అసలు తోచనే లేదు. దానికి ఆమెకు బాధ కలగాలి. అదీ కలగలేదు.

ఇంట్లో అత్త సుంకులమ్మ అందుకుంది. "గొర్లు మేపుకోని బతికినోళ్లం గానీ, మా ఇంట్లో ఆడది బీడీ ముట్టింది ల్యా. యాడా చెప్పొద్దురా సురేంద్రా, శానా పరువు తక్కువ." జబ్బు ఏమిటని మాత్రం ఆమె అడగలేదు.

తెల్లవారింది. చుట్టాలొస్తే తప్ప గ్యాసు ముట్టించని ఇల్లు అది. కట్టెల పొయ్యి చల్లగా ఉంది. మల్లిక అరుగు మీద కూర్చుంది. కాఫీ కోసం లోపల సుంకులమ్మ గొణుగుతోంది. సురేంద్ర నోట్లో బీడీ పెట్టుకుని, అగ్గిపెట్టె వెతుక్కుంటూ బయటికొచ్చాడు.

"ఏమ్మే, ఇంగా పొయ్యి ముట్టియ్యలేదేంది? అంగడికి గూడా టయిమయితాంది."

మల్లిక కొంగు ముడి విప్పి, అగ్గిపెట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"డాక్టరు చెప్పినాడు గదా మామా. పొగ మానేసినా."