చెప్పుల వరుస

బిల్లు మీద ఓటింగు మంగళవారమని తేలినప్పటి నుంచి మా నియోజకవర్గంలో మనుషులు కనబడటం లేదు, వాళ్ళ చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి. ఆదివారం ఉదయం నీలవలస మార్కెట్ యార్డులో మీటింగు. పింఛను కిటికీ దగ్గర మొదలై, కాటా చుట్టూ తిరిగి, గేటు దాకా నాలుగు వందల జతలు వరుసగా ఉన్నాయి. ఎక్కువగా రబ్బరు చెప్పులే. కొన్నింటికి తెగిన పట్టీల దగ్గర పిన్నీసులున్నాయి.

"అందరూ వచ్చేశారు సార్, మొదలుపెట్టండి" అంటుంది కిటికీలో కూర్చునే ఢిల్లేశ్వరి. పింఛన్ల పని చూసే అమ్మాయి.

మా వైపు ఇది పాత పద్ధతి. వరుసలో నిలబడే ఓపిక లేనివాళ్ళు చెప్పులు వదిలి నీడకు పోతారు. చెప్పులు ఉన్నచోట మనిషి ఉన్నట్టే. వాటిని జరిపితే మనిషిని తోసినట్టే లెక్క. కాబట్టి నేను మైకు అందుకుంటాను. ఇరవై ఏళ్ళుగా ఎమ్మెల్యేని, ఖాళీ కుర్చీలకు కూడా ప్రసంగాలు చేశాను. చెప్పులు నయం, మధ్యలో లేచిపోవు.

బిల్లు సంగతి విడమరిచి చెబుతాను. సర్వే రోజున ఇంట్లో కనబడని వాళ్ళ పింఛను శాశ్వతంగా తీసేస్తారు. ఆ సర్వేకు ఇప్పటికే, సరిగ్గా పింఛన్లు పంచే రోజునే వచ్చి వెళ్ళారు. ఆ రోజు ముసలీ ముతకా అంతా ఈ వరుసలోనే ఉన్నారు.

"నేను వ్యతిరేకిస్తున్నాను. అవతలి పక్షం వాళ్ళు కొందరు మాతో కలిశారు. లెక్క చూస్తే మేం ఒక్కరు ఎక్కువ. ఆ ఒక్క ఓటూ నాదే అనుకోండి."

చప్పట్లు లేవు. నాలుగు వందల జతలూ ఒక్క అడుగు ముందుకు జరుగుతాయి.

వరుస చివర ఒక్క మనిషి కనబడుతోంది. సూరీడమ్మ, ఒంటరి ముసలామె. మొగుడు పోయి పదకొండేళ్ళు. ఆ పింఛనే ఆమె బియ్యం, ఆమె మందులు. ఆమెకు చెప్పులు లేవు, అందుకని తనే నిలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి.

"సర్వే వోల్లు మా ఇంటికి వొచ్చినపుడు నాను ఇక్కడే ఉన్నాను బావూ. మనిసి లేదని రాసీసినారు. ఉన్నానని సెప్తే, రాసీసినాక ఏటి ఉంటావు అంతన్నారు."

"మంగళవారం నేను చూసుకుంటానమ్మా."

"ఓట్లప్పుడూ అలగే అంతారు. ఏరు దాటీదాకా ఓడ మల్లయ్య, దాటీసినాక బోడి మల్లయ్య." కోపమేమీ లేకుండానే అంటుంది. "సూసుకుంతే సూసుకో గానీ, కూసింత సేపు నా సోట్లో నిలబడు. మంచినీల్లు తాగొస్తాను."

నిలబడతాను. ఫోటో తీసేవాడు కూడా అక్కడే ఉన్నాడు, ఆ మాట దాచను. పదిన్నరకు నా రైలు. పదయినా సూరీడమ్మ రాదు. కుళాయి దగ్గర ఇంకో వరుస ఉందట, అక్కడా ఆమె తనే నిలబడాలి. నేను నా తోలు చెప్పులు విడిచి, జాగ్రత్తగా ఆమె చోట పెట్టి, వట్టి కాళ్ళతో కారు వైపు నడుస్తాను. మంచి పని చేశానన్న తృప్తి కూడా ఉంది.

"సార్, చెప్పులు వదిలేస్తున్నారు" అంటుంది ఢిల్లేశ్వరి.

"ఆవిడ వరుస పోకూడదు కదమ్మా."

"ఆవిడ వరుస పోదు సార్. మీరే ఇక్కడ ఉండిపోతారు."

తొందరలో ఆ మాట పట్టించుకోను.

రైల్లో నా సీట్లో ఒకాయన వచ్చి కూర్చుంటాడు, నా ఒళ్ళోనే. మంచి బరువు. జరగమని చెబుతాను. ఆయన అటూ ఇటూ చూసి, గాలి వస్తోందనుకుని కిటికీ దించుతాడు. నా మోకాళ్ళ మీదే పులిహోర పొట్లం విప్పుకుని తింటాడు. టికెట్ తనిఖీకి వచ్చిన మనిషి నా పేరు చదివి, ప్రయాణికుడు రాలేదని రాసుకుంటాడు. నాకు మొదటిసారి భయం వేస్తుంది. అరుస్తాను. పక్క సీట్లో పాప మాత్రం చెవి రుద్దుకుంటుంది.

మంగళవారం శాసనసభలో నన్ను ఎవరూ ఆపరు. ఎవరూ నమస్కారమూ పెట్టరు. నా సీట్లో కూర్చుంటాను. కాళ్ళ కింద తివాచీ తడిగా, యార్డులో మట్టిలా తగులుతోంది. వేళ్ళ మధ్య రెండు వడ్లగింజలు కూడా ఉన్నాయి.

మూజువాణి ఓటుతో తేలదు. సభాపతి తలలు లెక్కించమంటారు. బిల్లును వ్యతిరేకించే వాళ్ళం లేచి నిలబడతాం. కార్యదర్శి వరుస వెంట వేలు ఆడిస్తూ వస్తాడు. ఆ వేలు నా ఎడమ పక్క సభ్యుడి మీద ఆగుతుంది, తర్వాత నా కుడి పక్క సభ్యుడి మీద ఆగుతుంది.

"అధ్యక్షా, నేను ఉన్నాను" అంటాను.

కుడి పక్క సభ్యుడు వంగి నా బల్ల కింద చూస్తాడు. "చెప్పులు లేవు అధ్యక్షా" అంటాడు బాధగా. మా పార్టీవాడే, అబద్ధం ఆడే మనిషి కాదు.

సభాపతి ఓ కాగితం చూసి, ఎంతో మర్యాదగా చదువుతారు. "గౌరవ సభ్యులు ఆదివారం నుంచి నీలవలసలో వరుసలో ఉన్నారు. అక్కడ ఉన్న మనిషిని ఇక్కడ కూడా లెక్కిస్తే అక్కడి ప్రజలను అవమానించినట్టవుతుంది."

"అక్కడ ఉన్నది నేను కాదు, నా చెప్పులు."

"మరి అక్కడున్న నాలుగు వందల మంది సంగతీ అంతేనంటారా?" అంటారు సభాపతి, నేను ఉన్న వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ.

చెప్పులే మనుషులని ఒప్పుకుంటే నేను ఇక్కడ లేను. కాదంటే వాళ్ళు ఎక్కడా లేరు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడుక్కోవడానికి కాళ్ళు కూడా ఇక్కడ లేవంటున్నారు. ఓట్లు సమానం అవుతాయి. సమానమైతే సభాపతి ఓటు చెల్లుతుంది, ఆయన బిల్లు వైపు వేస్తారు. బిల్లు నెగ్గుతుంది. బల్లలు చరుస్తున్న చప్పుడులో నేను ఇంకా నిలబడే ఉన్నాను. సూరీడమ్మ ముఖం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

బుధవారం మధ్యాహ్నానికి యార్డు చేరతాను. చెప్పులు ఒక్కటీ లేవు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. నాలుగు వందల మంది ఎవరి చోట వాళ్ళు, వరుస తప్పకుండా, ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి నాకు ఏడుపు వస్తుంది. బతికే ఉన్నారు, కనబడుతున్నారు.

"బిల్లు నెగ్గింది కదా, వరుస రద్దయింది సార్. చెప్పులు లారీలో పట్టుకుపోయారు" అంటుంది ఢిల్లేశ్వరి. కిటికీకి తాళం వేసి బయట నిలబడింది. నా ముఖం వైపు చూడదు. "కాళ్ళు చూడండి."

చూస్తాను. ఎవరి పాదమూ నేలకు ఆనడం లేదు. మడమకూ మట్టికీ మధ్య జానెడు ఎడముంది. నేను చూస్తుండగానే అది మూరెడవుతుంది. ఎవరూ గాభరా పడటం లేదు. ముందువాళ్ళు లేస్తుంటే వెనకవాళ్ళు తమ వంతు కోసం చూస్తున్నారు. ఒకాయన బీడీ కాల్చుకుంటూ కాటా మీదుగా పైకి పోతున్నాడు. కాటా ముల్లు కదలదు.

పరిగెత్తి వరుస చివర సూరీడమ్మను చేరుకుంటాను. ఆమె పాదాలు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. రెండు చేతులతో చీలమండ పట్టుకుంటాను. ఎండిన పుల్లలా ఉంది, వెచ్చగా ఉంది.

"నన్ను క్షమించమ్మా. ఓటు వెయ్యలేకపోయాను."

"సెప్పినారు బావూ. నా సోట్లో ఉండిపోనావంట కదా." ఆమె కిందికి చూస్తుంది. ముఖంలో జాలి ఉంది, నాకు అదే భరించరానిదిగా ఉంది. "మరింక ఒగ్గీ. పట్టుకుంతే నువ్వూ వొచ్చీగలవు."

వదలను. వదిలితే ఆమె పోతుంది. నా మడమలు తేలిక పడుతున్న సంగతి తెలుస్తోంది, అయినా వదలను.

పైన ఇప్పుడు ఆకాశం నిండా అరికాళ్ళే, పగుళ్ళతో, మట్టితో, ఎండకు అడ్డంగా. యార్డంతా వాటి నీడే. ఎక్కడో చాలా ఎత్తున ఒక ముసలాయన మీటింగు మొదలుపెట్టమని అడుగుతున్నాడు.

ఒక చేత్తో సూరీడమ్మ కాలు పట్టుకుని, రెండో చేత్తో, ఆదివారం నుంచి గేటు దగ్గరే ఉన్న మైకు అందుకుంటాను. సోదర సోదరీమణులారా, అంటాను. ఈ బిల్లును నేను వ్యతిరేకించాను, అంటాను.

గట్టిగా చెప్పమంటున్నారు పైనుంచి. వినబడటం లేదట.