కోతవాళ్ళకి కైమా బన్నులు

"పలచగా ఉంటే మగాళ్ళ చొక్కాల మీద కారుద్ది, గట్టిగా ఉంటే గొంతు దిగదు. చూసుకో అమ్మాయ్," అంది మా అత్తగారు వెల్డా. పద్నాలుగేళ్ళుగా మొక్కజొన్న కోత మొదలైన ప్రతిసారీ ఆవిడ ఆ మాట అంటుంది, ప్రతిసారీ నేను గరిటె ఎత్తి చూపిస్తాను. ఆ మంగళవారం కూడా చూపించాను. పెద్ద బాండీలో ఐదు పౌన్ల గొడ్డు మాంసం కైమా, ఉల్లిపాయలు ఎర్రబడి, కెచప్, ఆవముద్ద, ముడి చక్కెర, కాస్త వెనిగర్ పోసుకుని కుతకుతలాడుతోంది. పొలంలో ఎనిమిది మంది. ఒక్కొక్కరికి రెండు బన్నులు. మా ఆయన గాలెన్‌కి మూడు. మూడూ తిన్నాక "అమ్మ చేతి రుచి వేరులే" అంటాడు. అదీ ప్రతి ఏడూ ఉన్నదే.

గోడకున్న ఫోను మోగింది. మా చెల్లెలు నోరీన్.

"ఆర్డిస్, అమ్మ పడిపోయిందే. కుడిపక్క మొత్తం పడిపోయింది. లింకన్‌లో పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. మాట్లాడుతోంది కానీ ఎంతసేపో చెప్పలేమంటున్నారు. బయల్దేరు."

తొంభై మైళ్ళు. మా కారు ఇంట్లో లేదు. కోత రోజుల్లో చక్రాలున్న ప్రతిదీ పొలంలోనే ఉంటుంది. గూట్లోని రేడియో తీసి గాలెన్‌ని పిలిచాను. ఆ రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడటమంటూ ఉండదు, లారీల్లో, కోత మిషన్లలో ఉన్నవాళ్ళందరికీ వినపడుతుంది.

"అమ్మకి బాగాలేదు. నేను వెళ్ళాలి. కారు కావాలి."

కాసేపు గరగర. తర్వాత గాలెన్ గొంతు: "రేపు వానంటున్నారు ఆర్డిస్. ఇంకా ఎనభై ఎకరాలుంది. కారు మా తమ్ముడు తీసుకెళ్ళాడు, మిషను బెల్టు తెగింది. నువ్వు ముందు భోజనాలు పట్రా, తర్వాత చూద్దాం."

ఎవరో నవ్వారు. "వదినా, కైమా మాడ్చేవు!" అన్నారింకెవరో. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా అమ్మ సంగతి వాళ్ళకి సరిగా వినపడలేదేమో. కానీ ఏళ్ళ తరబడి వాళ్ళకి వడ్డించిన నేను, ఒక్క కారు కోసం ఎనిమిది మంది ముందు చెయ్యి చాచినట్టయింది, ఆ చేతిలో వాళ్ళంతా కలిసి గరిటె పెట్టారు. నేను పట్టుకున్నాను. నిజంగానే బాండీ దగ్గరికి వెళ్ళి కలిపాను, అడుగంటుతుందని. అమ్మ అక్కడ కొనఊపిరితో ఉంటే నాకు అడుగంటుతుందన్న ధ్యాస ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"అత్తయ్యా, మీ కారు ఇస్తారా?"

వెల్డా చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "నా కారు తొంభై మైళ్ళు లాగదమ్మాయ్. మా నాన్న పోయినరోజు నేను ముప్పై మందికి వడ్డిస్తున్నా. వడ్డించకపోతే ఆయన లేచొస్తాడా? ముందు బన్నులు చుట్టు, చల్లారిపోతాయ్."

ఆవిడ అది కటువుగా అనలేదు, తనకి తెలిసిన ఓదార్పు అదే అన్నట్టు అంది.

పదిహేడు బన్నులు వెండికాగితంలో చుట్టాను. అట్టపెట్టెలో తువ్వాలు పరిచి సర్దాను. వెల్డా కారులోనే పొలానికి వెళ్ళాం, నడిపింది ఆవిడే. ఆ కారు లాక్కుని పోవచ్చు కదా అని తర్వాత నోరీన్ అడిగింది. నా చేతుల్లో పెట్టె ఉంది, అది వేడిగా ఉంది, అన్నాను.

మగవాళ్ళు లారీ చక్రాలకి ఆనుకుని కూర్చుని తిన్నారు. గాలెన్ రెండో బన్ను విప్పి, నోటినిండా పెట్టుకుని, నా వైపు చూశాడు.

"ఈసారి బాగా కుదిరిందోయ్. అచ్చం అమ్మ చేసినట్టే ఉంది."

ఆ మాట కోసం పద్నాలుగేళ్ళు ఎదురుచూశాను. నా అదృష్టం, అది ఆ రోజే వచ్చింది.

"కారు?" అన్నాను.

"బెల్టు దొరకలేదట, పక్క ఊరు వెళ్ళాడు. రేపు చూద్దాం. పెద్దావిడ గట్టిదేలే."

బుధవారం వాన పడలేదు. కోత సాగింది. కారూ దానితోపాటే సాగింది. గురువారం పొద్దున్న కారు దొరికి ఆసుపత్రికి వెళ్ళేసరికి అమ్మ బతికే ఉంది. కళ్ళు తెరిచి కిటికీ వైపు చూస్తోంది. నేను ముందుకొచ్చి నిలబడితే నా మీదుగా కిటికీనే చూసింది. చెయ్యి పట్టుకుంటే అది నా చేతిలో ఉండిపోయింది, అంతే.

"బుధవారం మధ్యాహ్నం మాట పోయింది. అప్పటిదాకా బాగానే మాట్లాడింది," అంది నోరీన్, నా మొహం చూడకుండా.

"నా కోసం అడిగిందా?"

నోరీన్ దుప్పటి అంచు సర్దింది.

"లేదే. మళ్ళీ ఫోను చేస్తానంటే నన్నే కసిరింది. 'దాన్ని కదపకు, కోత రోజులు. మగవాళ్ళు ఆకలితో ఉంటారు,' అంది. ఆఖరి మాట అదే."

దారి పొడవునా గాలెన్ మీద, వెల్డా మీద కోపాన్ని జారిపోకుండా పట్టుకొచ్చాను. దాన్ని ఆ గదిలో ఎక్కడ దించాలో నాకు తెలియలేదు.