కుడివైపు చీపురు

వరద నీళ్ళు బడి మూడో మెట్టు దాకా వచ్చిన ఏడాది అది. అంతకు ముందు వరదకి మొదటి మెట్టే తడిసింది. ఈ వరదలో చెల్లెలు రొట్టెలు కాల్చుకునే పాత పొయ్యి కూలి మట్టిముద్దయింది. రెండు నెలలు ఆమెకి పని లేదు. చివరికి ఇనప పొయ్యి ఒకటి దొరికింది. మంచమంత పొడవు, మనిషెత్తు. దాన్ని ట్రాలీ మీద ఎక్కించి తెచ్చే పని అన్న మీద పడింది.

అన్నని అందరూ రివర్సు అనేవాళ్ళు. ముందుకి ఎవడైనా తోలతాడు. ట్రాలీ తగిలించిన ట్రాక్టరుని వెనక్కి తోలడం అతనికే చెల్లింది. స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రాలీ తోక కుడికి పోతుంది. కాస్త ఎక్కువ తిప్పామా, రెండూ మెలిపడి కూర్చుంటాయి. మాట తక్కువ మనిషి. ఎవరన్నా పొగిడితే ముక్కు గోక్కునేవాడు.

చెల్లెలి సందు చివర గోడ. బండి తిప్పుకునే చోటు లేదు, వెనక్కే పోవాలి. ఉన్నది ఒక్క మలుపు. ఆ మలుపులో కుడిచేతి మూల బట్టలు కుట్టే పిన్ని ఇల్లు. మూలగదిలో ఆ గోడకే ఆనుకుని ఆమె మంచం. తుంటి విరిగితే డాక్టరు కాలికి బరువులు కట్టి, ఆరు వారాలు కదపొద్దన్నాడు. గోడేమో నడుమెత్తు దాకా వరద నీళ్ళు తాగి ఉంది. వేలితో నొక్కితే మట్టి రాలుతోంది.

ట్రాలీలు తోలేవాళ్ళకి అక్కడొక అలవాటుంది. అద్దం కుడివైపే ఉంటుంది కనక, తమకి కనపడని ఎడమవైపు, చక్రం పైన రేకుకి ఒక చీపురు అడ్డంగా కట్టుకుంటారు. చీపురు గోడని గీసుకుని చర్రుమంటే ఇంక జానెడే ఉందని లెక్క. కుడివైపు ఎవరూ కట్టరు. అది డ్రైవరు కన్ను చూసుకోవాల్సిన వైపు.

రివర్సుకి కుడికన్ను పోయి ఏడాదవుతోంది. పాలలోంచి చూసినట్టు అంతా తెలుపు. ఇంట్లోదానికి కూడా చెప్పలేదు. ఒంటికంటికి దూరం అందదు, జానెడూ బారెడూ ఒకలాగే ఉంటాయి. కుడివైపు చీపురు కడితే అందరూ చూస్తారు. చూస్తే మళ్ళీ బండి ఎక్కనివ్వరు. అందుకని ఆ రోజూ ఎడమవైపే కట్టాడు.

"అన్నయ్యా, ఎడమ పక్క నేను చూస్తా. ఆ పక్క నీదే" అంది చెల్లెలు. ఆమె చేతిలో పానా ఉంది. రేకు మీద ఒక దెబ్బ కొడితే రమ్మని, రెండు కొడితే ఆగమని గుర్తు.

కిటికీలోంచి పిన్ని అరిచింది. "ఒరేయ్ రివర్సూ! నా గోడ జోలికొచ్చావో, లేచొచ్చి తంతా!"

"నువ్వు లేస్తే అదే పదివేలు పిన్నీ!" అన్నాడు గడియారాలు బాగుచేసే ఎదురింటి మనిషి, అరుగు మీద కూర్చుని.

ఠంగుమని ఒక దెబ్బ. రివర్సు క్లచ్చి వదిలాడు. స్టీరింగు ఎడమకి కొట్టాడు, తోక కుడికి తిరిగింది. ఇంకో దెబ్బ. కుడి అద్దంలో గోడ ఉంది, చక్రం ఉంది. రెంటి మధ్య ఏముందో తెలియడం లేదు. చెమటకి స్టీరింగు జారుతోంది. గోడ అవతల పిన్ని దగ్గింది. ఆ దగ్గు తన ఒళ్ళో దగ్గినట్టే వినపడింది.

బ్రేకు తొక్కి ఇంజను ఆపేశాడు.

ఠంగు. రమ్మని ఒక్క దెబ్బ. చెల్లెలు ముందుకొచ్చింది. "ఏమైంది? బోలెడు చోటుందిగా!"

అతను దిగి, ఎడమవైపు చీపురు విప్పాడు. చుట్టూ తిరిగి వచ్చి కుడివైపు కట్టడం మొదలుపెట్టాడు.

"అదేంటయ్యోయ్, చీపురు అటు కడుతున్నావ్? అటు నీ కన్నుంది కదా!" అన్నాడు గడియారాల మనిషి.

"లేదు" అన్నాడు రివర్సు.

చెల్లెలు అన్న కంట్లోకి చూసి, పానా పట్టుకుని కుడివైపుకి వచ్చి నిలబడింది. గడియారాల మనిషి అరుగు దిగాడు. "ఎడమ పక్క నేను చూస్తాలే" అన్నాడు.

మళ్ళీ ఎక్కాడు. ఈసారి అద్దం వంక చూడలేదు. చెవి అటు పెట్టి అంగుళం అంగుళం వచ్చాడు. చీపురు చర్రుమంది. ఆగాడు. బారెడు ముందుకి పోయి, బండి సరిచేసుకుని మళ్ళీ వెనక్కి. చర్రు. మళ్ళీ ముందుకి. గోడ మీంచి మట్టి పొడిపొడిగా రాలింది.

"ఎవడ్రా నా గోడ ఊడుస్తోంది?" లోపల్నించి పిన్ని.

"నేనే పిన్నీ."

"బాగా ఊడువ్. దాని మొహం తుడిచినవాడు లేడు!"

చెల్లెలు నవ్వబోయి ఆపుకుంది. నాలుగోసారికి చర్రుమనలేదు. చక్రం మూల దాటింది. గోడ నిలబడే ఉంది.

పొయ్యి దించాక చెల్లెలు మెల్లిగా అడిగింది. "ఎన్నాళ్ళయింది?"

"ఏడాది."

"వదినకి తెలుసా?"

ముక్కు గోక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి తాళంచెవి భార్య చేతిలో పెట్టి, సంగతి చెప్పి, కంటి ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు. ట్రాలీకి కుడివైపు చీపురు మాత్రం విప్పలేదు.